తొలి గంటల మందు: యిన్‌ఛియావ్ సాన్

మూడు కారణాలు, ఒకే లక్షణాలు

ఢిల్లీకి ఆనుకుని హర్యానాలో ఉన్న గురుగ్రామ్‌లో గొంతు మంట, తుమ్ములు, ముక్కు దిబ్బడ, దగ్గు ఏడాదిలో వేర్వేరు వేళల్లో, మూడు వేర్వేరు కారణాల వల్ల ఇంటింటా కనిపిస్తాయి. ఢిల్లీ ప్రాంతంలో ఇన్‌ఫ్లుయెంజా వైరస్ జూలై నుంచి సెప్టెంబరు వరకు, అంటే వానాకాలంలో బాగా వ్యాపిస్తుందని, జనవరి, ఫిబ్రవరి, మార్చి నెలల్లో మరోసారి కొంత తలెత్తుతుందని వైరస్ నిఘా కేంద్రాలు సేకరించిన నమూనాలు చూపాయి. ఫ్లూ చలికాలపు జబ్బు అన్న ఐరోపా అనుభవం శ్రీనగర్‌కు సరిపోతుంది కానీ ఈ మైదాన ప్రాంతానికి అంతగా సరిపోదు. అక్టోబరు చివరికి వచ్చేసరికి గాలి వేగం తగ్గి, నేలకు దగ్గరగా ఉన్న చల్లగాలి పైకి లేవలేక నిలిచిపోవడంతో వాహనాల పొగ, కట్టడాల దుమ్ము, పొలాల్లో కాల్చిన వరికొయ్యల పొగ ఒకేచోట పేరుకుంటాయి. 2018 సంవత్సరానికి గురుగ్రామ్‌లో పీఎం 2.5 ధూళికణాల వార్షిక సగటు ఘనపు మీటరుకు 135.8 మైక్రోగ్రాములని లెక్కగట్టి, గ్రీన్‌పీస్, ఐక్యూఎయిర్ సంస్థల నివేదిక తాను లెక్కించిన నగరాలన్నిటిలో కాలుష్యానికి ఈ నగరాన్ని మొదటి స్థానంలో నిలిపింది. అప్పటికి ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన హద్దు 10 మైక్రోగ్రాములు మాత్రమే. ఈ రెంటికీ తోడు, ఏ రుతువులోనైనా రాగల సాధారణ జలుబు ఉండనే ఉంది; దానికి రైనోవైరస్‌లు ప్రధాన కారణం కాగా, వాటిలో 160కి పైగా రకాలను శాస్త్రవేత్తలు గుర్తించారు.

వానాకాలపు ఫ్లూ, దీపావళి నాటి పొగ, ఎప్పుడైనా వచ్చే జలుబు అనే ఈ మూడింటికీ మొదటి రోజున మనిషికి తెలిసే బాధ దాదాపు ఒకటే కాబట్టి, మూడింటికీ ఇంట్లో దొరికే జవాబు కూడా ఒకటే అయింది. హర్యానా ఇళ్లలో దాన్ని కాఢా అంటారు. ఉద్యోగరీత్యా అక్కడ స్థిరపడిన తెలుగు కుటుంబాల్లో అది మిరియాల కషాయమో శొంఠి కాఫీయో అవుతుంది. జబ్బు ముదరకముందే, తొలి గంటల్లోనే మందు పడాలన్న నమ్మకం ఈ ఆచారాలన్నిటికీ మూలం. ఆ నమ్మకాన్ని ఒక స్పష్టమైన సిద్ధాంతంగా మలచి, కొలతలతో, వేళలతో, కాచే పద్ధతితో సహా రాసిపెట్టిన యోగాలలో చైనాకు చెందిన యిన్‌ఛియావ్ సాన్ ప్రసిద్ధమైనది. రెండు శతాబ్దాలు దాటినా వాడుకలో ఉన్న ఈ మందును ఆధునిక వైద్య పరీక్షకు కూడా పెట్టారు గనుక, ఇంటి కషాయాల విషయంలో ఏది తెలిసింది, ఏది ఇంకా తేలాలి అనేది గ్రహించడానికి దీని చరిత్ర బాగా పనికివస్తుంది.

చలి సిద్ధాంతం, వేడి సిద్ధాంతం

చైనా వైద్యంలో జ్వరాల గురించిన మొదటి గొప్ప గ్రంథం షాంగ్‌హాన్ లున్. హాన్ వంశపు పాలన ముగింపు దశలో, క్రీస్తుశకం 200 ప్రాంతంలో జాంగ్ జోంగ్‌జింగ్ అనే వైద్యుడు రాసిన ఈ గ్రంథం ప్రకారం బయటి చలి చర్మం ద్వారా లోపలికి చొరబడి జ్వరం కలిగిస్తుంది. అందువల్ల దాల్చిన కొమ్మలు, అల్లం, ఎఫెడ్రా వంటి వేడిచేసే మూలికలతో చెమట పట్టించి ఆ చలిని వెళ్లగొట్టాలి. పద్నాలుగు శతాబ్దాలకు పైగా వైద్యులు ఎక్కువగా ఈ దారినే నడిచారు. 1642లో వు యౌషింగ్ అనే వైద్యుడు, అంటుజ్వరాలకు కారణం చలి కాదని, ముక్కు ద్వారా, నోటి ద్వారా శరీరంలో ప్రవేశించే ఒక ప్రత్యేకమైన దుష్టవాయువని ప్రతిపాదించాడు. సూక్ష్మజీవుల సంగతి ఎవరికీ తెలియని కాలంలో, సూక్ష్మదర్శిని ఆసరా లేకుండా, రోగులను గమనించడం ద్వారా మాత్రమే ఆయన ఈ నిర్ణయానికి వచ్చాడు.

ఈ కొత్త ఆలోచనను చికిత్సగా మలచిన వారిలో వు జూతోంగ్ ఒకడు. 1758లో జియాంగ్సు ప్రాంతంలో పుట్టిన ఆయన పందొమ్మిదేళ్ల వయసులో తండ్రిని పోగొట్టుకుని ఆ దుఃఖంతో వైద్యగ్రంథాలు చదవడం మొదలుపెట్టాడు. కొన్నేళ్లకు దగ్గరి బంధువైన ఒక పిల్లవాడు కూడా జ్వరంతో, గొంతు వాపుతో చనిపోయాడు. తరువాత బీజింగ్ చేరి, చక్రవర్తి ఆజ్ఞతో సాగుతున్న మహా గ్రంథసంకలనంలో ప్రతులు సరిచూసే పనిలో కుదిరినప్పుడు వు యౌషింగ్ రచన ఆయన కంటబడింది. 1793లో బీజింగ్‌లో అంటుజ్వరం వ్యాపించి, పాత పద్ధతిలో వేడి మందులు పడిన రోగులు చనిపోతుండగా, మిత్రుల ఒత్తిడిమీద ఆయన చికిత్సకు పూనుకుని అనేకమందిని బతికించగలిగాడు. ఆ అనుభవాన్ని 1798 నాటికి వెన్‌బింగ్ త్యావ్‌బియెన్ అనే గ్రంథంగా రాయగా, అది 1813లో అచ్చయింది. యిన్‌ఛియావ్ సాన్ ఆ గ్రంథంలోని తొలి యోగాలలో ఒకటి.

వు జూతోంగ్ పాత సిద్ధాంతాన్ని పూర్తిగా తోసిపుచ్చలేదు. జ్వరం ఆరంభంలో రోగికి చలి బాగా పెడుతుంటే దాల్చిన కొమ్మల కషాయమే ఇమ్మన్నాడు; చలి అంతగా లేకుండా ఒళ్లు కాలుతూ, దాహం వేస్తూ, గొంతు నొప్పి పెడుతుంటే యిన్‌ఛియావ్ సాన్ ఇమ్మన్నాడు. అంటే ప్రతి జలుబుకూ ఒకే మందు అన్న ఆలోచన ఆ సంప్రదాయంలో లేదు. నేడు అంగళ్లలో అమ్మే మాత్రల డబ్బాలమీద జలుబుకు, ఫ్లూకు అని రాసి ఉండడంలో ఈ విచక్షణ పూర్తిగా మాయమైందని గుర్తించాలి.

పది మూలికల కూర్పు

ఈ యోగానికి పేరిచ్చిన రెండు మూలికల్లో మొదటిది ఒక తీగ మొగ్గ. తెల్లగా పూచి రెండు రోజుల్లో పసుపురంగుకు తిరిగే ఈ పూలను ఇంగ్లీషులో హనీసకిల్ అంటారు. వృక్షశాస్త్రంలో లోనిసెరా జపోనికా అని పిలుస్తారు. రెండవది ఫోర్సిథియా అనే పొద ఎండుకాయ. ఈ రెండింటినీ సమంగా, ఒక్కొక్కటి పది పాళ్ల చొప్పున తీసుకోవాలి. ప్లాటికోడాన్ అనే మొక్క వేరు, పుదీనా జాతికి చెందిన ఒక ఆకు, బర్డాక్ గింజలు ఆరేసి పాళ్లు. అతిమధురం, పులియబెట్టిన సోయా గింజలు ఐదేసి పాళ్లు. వెదురును పోలిన ఒక గడ్డి ఆకు, తులసి కుటుంబానికి చెందిన షిజోనెపెటా పూగుత్తులు నాలుగేసి పాళ్లు కలుపుతారు. ఈ తొమ్మిదింటినీ బరకగా దంచి, పూటకు ఆరు ఛియెన్లు, అంటే ఇప్పటి లెక్కలో సుమారు 22 గ్రాములు తీసుకుని, పచ్చి కిక్కిస వేళ్లు వేసి మరిగించిన నీళ్లలో కాస్తారు. పదవ మూలిక ఆ కిక్కిసే. కొల్లేటి సరస్సులో దట్టంగా పెరిగే కిక్కిస గడ్డికి, చైనా వాగుల పక్కన పెరిగే ఈ గడ్డికి ప్రజాతి ఒకటే.

కాచే పద్ధతి విషయంలో వు జూతోంగ్ ఇచ్చిన సూచన రసాయనశాస్త్రం దృష్ట్యా చాలా విలువైనది. కషాయం నుంచి వాసన గుప్పున లేచిన వెంటనే దించి తాగాలని, అంతకు మించి మరిగించకూడదని ఆయన స్పష్టంగా రాశాడు. పుదీనాలోను, షిజోనెపెటాలోను ఉండేవి ఆవిరయ్యే నూనెలు. వాటిలోని మెంథాల్ వంటి పదార్థాలు నీటి ఆవిరితో పాటు తేలిగ్గా లేచిపోతాయి కాబట్టి ఎక్కువసేపు కాస్తే సారం వంటింటి గాలిలో కలిసిపోయి, చేదు మాత్రం గిన్నెలో మిగులుతుంది. ఆయుర్వేదం కూడా ఇదే తేడాను గుర్తించి మందు తయారీని స్వరసం, కల్కం, క్వాథం, హిమం, ఫాంటం అని ఐదు విధాలుగా విభజించింది. గట్టి వేళ్లను, బెరళ్లను నీళ్లు బాగా ఇంకేదాకా మరిగిస్తే అది క్వాథం, అంటే కషాయం. వాసనగల మెత్తని ఆకులమీద, పూలమీద మరిగిన నీళ్లు పోసి మూతపెట్టి వడగడితే అది ఫాంటం. ఈ లెక్కన యిన్‌ఛియావ్ సాన్ కషాయం కంటే ఫాంటానికే దగ్గరగా ఉంటుంది. తులసిని అరగంట సేపు మరిగించే ఇళ్లలో పోతున్నదేమిటో ఈ రెండు సంప్రదాయాలూ వేర్వేరుగా కనిపెట్టాయి.

వేళల విషయంలోనూ ఇదే నిశితత్వం కనిపిస్తుంది. జబ్బు తీవ్రంగా ఉంటే నాలుగు గంటలకొకసారి చొప్పున పగలు మూడుసార్లు, రాత్రి ఒకసారి. తేలికగా ఉంటే ఆరు గంటలకొకసారి చొప్పున పగలు రెండుసార్లు, రాత్రి ఒకసారి తాగాలి. నేటి మందుల చీటీమీద రాసే వేళలకు ఇది ఎంతో దగ్గరగా ఉంది. ఉదయం ఒక కప్పు తాగి మరచిపోవడం ఈ సంప్రదాయం చెప్పిన చికిత్స కాదు.

వేడి కప్పు చేసే పని, మూలిక చేసే పని

జలుబు లక్షణాలు ఎక్కువ భాగం వైరస్ నేరుగా చేసిన నష్టం వల్ల రావు. ముక్కు లోపలి పొరలో వైరస్ అడుగుపెట్టగానే శరీర రక్షణ వ్యవస్థ విడుదల చేసే రసాయనాలు రక్తనాళాలను ఉబ్బించి, స్రావాలను పెంచి, నొప్పి తెలిపే నాడులను రెచ్చగొడతాయి. సాధారణ జలుబులో ఈ ప్రతిచర్య రెండో రోజు, మూడో రోజు శిఖరానికి చేరి, ఏ మందూ లేకపోయినా ఏడు నుంచి పది రోజుల్లో సద్దుమణుగుతుంది. కాబట్టి ఒక కషాయం గురించి రెండు ప్రశ్నలు విడివిడిగా వేయాలి: అది బాధను తగ్గిస్తుందా, జబ్బు కాలాన్ని తగ్గిస్తుందా?

మొదటి ప్రశ్నకు కొంతవరకు జవాబు దొరికింది. బ్రిటన్‌లోని కార్డిఫ్‌లో జలుబు పరిశోధన కేంద్రం నడిపిన శాస్త్రజ్ఞులు 2008లో ప్రచురించిన అధ్యయనంలో, జలుబుతో ఉన్న 30 మందికి ఒకే పండ్లరసాన్ని వేడిగాను, గది ఉష్ణోగ్రతలోను ఇచ్చి చూశారు. వేడిగా తాగినప్పుడు ముక్కు కారడం, దగ్గు, తుమ్ములతో పాటు గొంతు నొప్పి, చలి, నీరసం కూడా వెంటనే తగ్గినట్టు అనిపించింది. గది ఉష్ణోగ్రతలో తాగినప్పుడు మొదటి మూడింటికే ఊరట కలిగింది. అయితే ముక్కులో గాలి ప్రసారాన్ని పరికరంతో కొలిస్తే ఏ తేడా కనపడలేదు. ఊరట నిజమైనదే, కానీ అది ముక్కు తెరుచుకోవడం వల్ల వచ్చింది కాదు. మెంథాల్ విషయం కూడా ఇలాంటిదే. చర్మంలో, ముక్కులో చల్లదనాన్ని పసిగట్టే టీఆర్‌పీఎం8 అనే ప్రొటీన్‌ను మెంథాల్ మేల్కొలుపుతుంది కాబట్టి, దారి ఎంత మూసుకుపోయి ఉన్నా చల్లగాలి లోపలికి వస్తున్నట్టు మెదడు భావిస్తుంది. 2002లో ఈ ప్రొటీన్‌ను విడివిడిగా గుర్తించిన డేవిడ్ జూలియస్, ఆర్డెమ్ పటపూటియన్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఉష్ణస్పర్శల జ్ఞానంపై చేసిన కృషికి 2021లో నోబెల్ బహుమతి పొందారు. అతిమధురంలోని జిగురు, తీపి పదార్థాలు మంటపుట్టిన గొంతుపై పొరలా పరుచుకుని పొడిదగ్గును తాత్కాలికంగా తగ్గిస్తాయి.

రెండో ప్రశ్న కఠినమైనది. హనీసకిల్ మొగ్గల్లోని క్లోరోజెనిక్ ఆమ్లం, ఫోర్సిథియాలోని ఫోర్సిథియాసైడ్ వంటి పదార్థాలు ప్రయోగశాలలో, గాజు పళ్లేలలో పెంచిన కణాల్లో వైరస్ పెరుగుదలను అడ్డుకున్నట్టు అనేక అధ్యయనాలు చెబుతున్నాయి. కానీ క్లోరోజెనిక్ ఆమ్లం కాఫీ గింజల్లోనూ పుష్కలంగా ఉంది. కాఫీ తాగేవారికి ఫ్లూ రాకుండా పోలేదు. గాజు పళ్లెంలో కణాలకు నేరుగా తగిలే మోతాదు, తాగిన మందు జీర్ణమై కాలేయాన్ని దాటి రక్తంలోకి చేరాక మిగిలే మోతాదు ఒకటి కావు. చైనాలోని నాన్‌జింగ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2015లో ఒక ఆశ్చర్యకరమైన ఫలితాన్ని ప్రచురించారు: హనీసకిల్ కషాయంలో మరిగించినా చెడని ఒక చిన్న ఆర్‌ఎన్‌ఏ ముక్క ఉందని, ఆ కషాయం తాగిన ఎలుకల్లో అది ఊపిరితిత్తుల దాకా చేరి ఇన్‌ఫ్లుయెంజా వైరస్‌ను అణచిందని వారు చూపారు. తిన్న మొక్కల ఆర్‌ఎన్‌ఏ జంతువు రక్తంలోకి పనిచేయగలిగినంత మోతాదులో చేరుతుందా అన్న విషయంపై శాస్త్రజ్ఞుల్లో బలమైన భేదాభిప్రాయాలున్నాయి. ఎలుకలో కనిపించినది మనిషిలో రుజువయ్యేదాకా దీన్ని ఒక ఆసక్తికరమైన ప్రతిపాదనగానే తీసుకోవాలి.

2009లో జరిగిన పరీక్ష

హెచ్1ఎన్1 ఇన్‌ఫ్లుయెంజా 2009లో ప్రపంచమంతా వ్యాపించినప్పుడు, భారతదేశంలో నిర్ధారణ అయిన మొదటి రోగి హైదరాబాద్‌లోనే కనిపించాడు. మే నెలలో అమెరికా నుంచి విమానంలో వచ్చిన యువకుడికి అక్కడే చికిత్స జరిగింది. అప్పట్లో వైద్యుల చేతిలో ఉన్న ప్రధాన మందు ఒసెల్టామివిర్. హైదరాబాద్‌కు చెందిన హెటెరో సంస్థ, పేటెంట్ యజమాని రోష్ నుంచి 2005లోనే అనుమతి పొంది దీన్ని తయారుచేయడానికి సిద్ధమై ఉంది.

ఒసెల్టామివిర్‌కు మూలపదార్థమైన షికిమిక్ ఆమ్లం దొరికేది దక్షిణ చైనాలో పండే అనాసపువ్వులో, అంటే హైదరాబాద్ బిర్యానీలో వేసే మసాలా దినుసులోనే. ఐక్మాన్ అనే శాస్త్రజ్ఞుడు జపాన్‌లో అనాసపువ్వుకు దగ్గరి మొక్క నుంచి ఈ ఆమ్లాన్ని 1885లో వేరుచేశాడు. తరువాతి కాలంలో దీన్ని సూక్ష్మజీవుల చేత పులియబెట్టించి కూడా తయారుచేస్తున్నారు. షికిమిక్ ఆమ్లాన్ని అనేక రసాయన దశల్లో మార్చిన తరువాతే అది మందవుతుంది గనుక, అనాసపువ్వు కషాయం తాగితే ఒసెల్టామివిర్ తాగినట్టు కాదు. మొక్కలో మందుకు ముడిసరుకు ఉండడానికి, మొక్కే మందు కావడానికి మధ్య ఎంత దూరముందో ఈ ఉదాహరణ తెలుపుతుంది.

అదే 2009లో, జూలై నుంచి నవంబరు వరకు, చైనాలోని నాలుగు ప్రాంతాల్లో 11 ఆసుపత్రుల వైద్యులు యిన్‌ఛియావ్ సాన్‌ను ఒసెల్టామివిర్‌తో పోల్చి చూశారు. ప్రయోగశాలలో హెచ్1ఎన్1 నిర్ధారణ అయిన 15 నుంచి 69 ఏళ్ల మధ్య వయసు గల 410 మందిని లాటరీ పద్ధతిలో నాలుగు జట్లుగా విడదీశారు. ఒక జట్టుకు ఒసెల్టామివిర్, రెండో జట్టుకు యిన్‌ఛియావ్ సాన్‌ను ఎఫెడ్రా కలిసిన మరో ప్రాచీన యోగంతో జోడించి చేసిన 12 మూలికల కషాయం, మూడో జట్టుకు రెండూ ఇచ్చి, నాలుగో జట్టుకు ఏ ప్రత్యేక మందూ ఇవ్వలేదు. ఇలా లాటరీతో జట్లు విడదీయడాన్ని యాదృచ్ఛిక పరీక్ష అంటారు. బలమైనవారు ఒక జట్టులో, బలహీనులు మరో జట్టులో చేరకుండా ఇది కాపాడుతుంది. ఏ మందూ లేని జట్టులో సగం మందికి జ్వరం తగ్గడానికి 26 గంటలు పట్టగా, ఒసెల్టామివిర్ జట్టులో 20, కషాయం జట్టులో 16, రెండూ తీసుకున్న జట్టులో 15 గంటలు పట్టింది. 2011లో అమెరికాలోని ప్రముఖ వైద్యపత్రిక అనల్స్ ఆఫ్ ఇంటర్నల్ మెడిసిన్ ఈ ఫలితాలను ప్రచురించింది.

ఈ అంకెలను తేలిగ్గా తీసిపారేయడం తగదు. వాటికి ఉన్నదానికి మించిన అర్థం ఇవ్వడమూ తగదు. ఈ పరీక్షలో ప్లసీబో, అంటే చూడడానికి, రుచికి మందులాగే ఉండి మందు లేని ద్రవం వాడలేదు కాబట్టి తాము ఏ జట్టులో ఉన్నదీ అందరికీ తెలుసు. పాల్గొన్నవారి జబ్బు చాలావరకు తేలికైనది గనుక, న్యుమోనియా వంటి ఉపద్రవాలను, మరణాలను కషాయం ఆపగలదా అన్నది దీనివల్ల తెలియదు. పరీక్షించింది యిన్‌ఛియావ్ సాన్‌ను ఒంటరిగా కాదు, ఎఫెడ్రా కలిసిన సంయోగాన్ని. ఎఫెడ్రాలోని ఎఫెడ్రిన్ ముక్కు దిబ్బడను నిజంగానే తగ్గించే రసాయనం, గుండె వేగాన్ని పెంచే రసాయనం కూడా. ఒసెల్టామివిర్ మహిమను కూడా ఇదే కొలబద్దతో చూడాలి: ప్రచురించిన, ప్రచురించని పరీక్షల నివేదికలన్నిటినీ తిరగేసి 2014లో కాక్రేన్ సంస్థ వేసిన లెక్క ప్రకారం పెద్దవారిలో ఆ మందు ఫ్లూ లక్షణాల కాలాన్ని సుమారు 17 గంటలు మాత్రమే తగ్గిస్తుంది.

జపాన్‌లో జరిగిన మరో పరీక్ష ఈ చిత్రాన్ని పూర్తిచేస్తుంది. షాంగ్‌హాన్ లున్ నుంచి వచ్చిన కక్కొంతో అనే యోగం ఆ దేశపు మందుల దుకాణాల్లో తొలి జలుబుకు విరివిగా అమ్ముడవుతుంది. సుమారు 400 మందిపై చేసి 2014లో ప్రచురించిన పరీక్షలో, జలుబు ముదిరినవారు కక్కొంతో తీసుకున్న జట్టులో నూటికి 22.6 మంది, సాధారణ జలుబు మాత్రలు తీసుకున్న జట్టులో నూటికి 25 మంది ఉన్నారు; ఆ తేడా యాదృచ్ఛికంగా కూడా రాగలిగినంత చిన్నది. తొలి గంటల్లో తీసుకుంటే జబ్బును మొగ్గలోనే తుంచవచ్చన్న వాగ్దానం ఆ పరీక్షలో నెగ్గలేదు.

గురుగ్రామ్ ఇళ్లలోని యోగాలు

యిన్‌ఛియావ్ సాన్‌కు భారతీయ ప్రతిరూపం వెతికితే 2020 ఏప్రిల్‌లో ఆయుష్ మంత్రిత్వ శాఖ ప్రచారంలోకి తెచ్చిన ఆయుష్ క్వాథం కనిపిస్తుంది. తులసి ఆకులు నాలుగు పాళ్లు, దాల్చినచెక్క రెండు, శొంఠి రెండు, మిరియాలు ఒక పాలు కలిపిన ఈ పొడిని 3 గ్రాములు తీసుకుని 150 మిల్లీలీటర్ల మరిగిన నీటిలో వేసుకోవాలని శాఖ సూచించింది. యునానీ పేరుతో జోషాందాగా, సిద్ధ వైద్యపు పేరుతో కుడినీరుగా కూడా అదే యోగాన్ని అమ్మవచ్చని చెప్పింది. చైనా లెక్కల్లో ఇది వేడిచేసే యోగం. చలిపెట్టే జలుబుకు తగినదే కానీ, ఒళ్లు కాలి గొంతు ఎండిపోయే జ్వరానికి వు జూతోంగ్ దీన్ని ఇచ్చి ఉండేవాడు కాదు.

గురుగ్రామ్ రోడ్ల పక్కన, అపార్ట్‌మెంట్ల ఆవరణల్లో వరుసలుగా నాటిన ఏడాకుల పాల చెట్లు అక్టోబరులో పూచి ఘాటైన వాసనతో వీధుల్ని నింపుతాయి. ఈ చెట్టు బెరడు, కటుకరోహిణి, చిరాత, గచ్చకాయ కలిపి, మలేరియా కోసం 1980లో కేంద్ర ఆయుర్వేద పరిశోధనా మండలి రూపొందించిన ఆయుష్-64 అనే మందును, 2021లో తేలికపాటి కోవిడ్‌కు కూడా వాడవచ్చని ప్రకటించారు. దానిమీద జరిగిన పరీక్షల్లో కొన్ని, చైనా పరీక్షలాగే, రోగికీ వైద్యుడికీ ఏ మందో తెలిసేట్టుగా సాగినవే.

తెలుగు ఇళ్లలో దగ్గుకు వాడే అడ్డసరం ఆకు మరో దారి చూపింది. మద్రాసు ప్రభుత్వంలో పనిచేసిన డేవిడ్ హూపర్ 1888లో ఆ ఆకు నుంచి వాసిసిన్ అనే ఆల్కలాయిడ్‌ను వేరుచేశాడు. దాని నిర్మాణాన్ని ఆధారం చేసుకుని రసాయనవేత్తలు తయారుచేసిన బ్రోమ్‌హెక్సిన్ 1960ల నుంచి కఫాన్ని పలచబరిచే మందుగా ప్రపంచమంతా వాడుకలో ఉంది. అడ్డసరం వాడిన అమ్మమ్మల పరిశీలన సరైనదని ఇది తెలుపుతుంది. ఆ పరిశీలనను మోతాదుగా మార్చడానికి డెబ్బై ఏళ్లకు పైగా పరిశోధన పట్టిందని కూడా తెలుపుతుంది.

తిప్పతీగ కథ హెచ్చరికతో కూడినది. కోవిడ్ కాలంలో రోగనిరోధకశక్తి కోసమని రోజూ తిప్పతీగ రసం తాగినవారిలో కొందరికి కాలేయం దెబ్బతిన్నదని ముంబయి వైద్యులు 2021లో ఆరుగురు రోగుల వివరాలతో రాశారు. 2022లో 13 ఆసుపత్రుల వైద్యులు కలిసి అలాంటి 43 మంది వివరాలు ప్రచురించారు. వాడిన మొక్క అసలు తిప్పతీగ కాకుండా దాన్ని పోలిన మరో జాతి అయి ఉండవచ్చని ఆయుష్ మంత్రిత్వ శాఖ వాదించింది. ఏ వాదన నిజమైనా కొనుగోలుదారుకు మిగిలే పాఠం ఒకటే: మొక్కను సరిగ్గా గుర్తించడం, వాడే కాలాన్ని పరిమితం చేయడం రెండూ అవసరం. మూడు రోజుల జలుబుకు పుట్టిన మందును మూడు నెలలు రోజూ తాగడం తగదు.

జాగ్రత్తలు

యిన్‌ఛియావ్ పేరుతో అమ్మే మాత్రలన్నీ మూలికలతో మాత్రమే చేసినవి కావు. చైనాలో విరివిగా అమ్ముడయ్యే విటమిన్ సి కలిసిన రకంలో పారాసెటమాల్, క్లోర్‌ఫెనిరమిన్ కూడా ఉంటాయి. దుష్ప్రభావాల ఫిర్యాదులు పెరగడంతో అక్కడి మందుల నియంత్రణ సంస్థ 2010లో దీనిపై ప్రజలను హెచ్చరించింది. జ్వరానికి విడిగా పారాసెటమాల్ వేసుకుంటూ, మూలికల మందే కదా అని దీన్ని కూడా మింగితే మోతాదు హద్దు దాటి కాలేయానికి ప్రమాదం కలుగుతుంది. భారతదేశపు మందుల చట్టంలో ఆయుర్వేద, సిద్ధ, యునానీ మందులకు ప్రత్యేక విభాగం ఉంది. చైనా సంప్రదాయ మందులకు అలాంటి ఏర్పాటు లేదు కాబట్టి, ప్రయాణికుల సామానుతోనో ఆన్‌లైన్ అంగళ్ల ద్వారానో వచ్చిన డబ్బాలో ఏముందో ఇక్కడ హామీ ఇచ్చేవారు లేరు.

అతిమధురంలోని గ్లిసిరైజిన్, మూత్రపిండాల్లో కార్టిసాల్‌ను నిర్వీర్యం చేసే ఎంజైమును అడ్డుకుని, ఉప్పును నిలిపి, పొటాషియంను వెళ్లగొడుతుంది. కొద్ది రోజుల వాడకంతో చాలామందికి ఇబ్బంది ఉండదు గానీ, రక్తపోటు ఉన్నవారు, నీరు పోయే మందులు వాడేవారు, గర్భిణులు దీనికి దూరంగా ఉండాలి. ఎఫెడ్రా కలిసిన యోగాలు గుండెజబ్బు, రక్తపోటు ఉన్నవారికి ప్రమాదకరం. అమెరికా ప్రభుత్వం 2004లో ఎఫెడ్రిన్ ఉన్న ఆహార పూరకాలను నిషేధించింది. మిరియాలలోని పైపరిన్ కొన్ని ఆధునిక మందులు రక్తంలోకి చేరే మోతాదును పెంచుతుంది కాబట్టి, మూర్ఛకు, గుండెకు మందులు వాడేవారు రోజూ గాఢమైన కషాయాలు తాగే ముందు వైద్యుణ్ని అడగాలి.

ఊపిరి ఆడకపోవడం, ఛాతీ నొప్పి, పెదవులు నీలంగా మారడం, మగత, మూడు రోజులు దాటినా తగ్గని జ్వరం, తగ్గినట్టే తగ్గి మళ్లీ తిరగబెట్టిన జ్వరం కనిపించినప్పుడు ఏ కషాయంతోనూ కాలయాపన చేయకూడదు. వృద్ధులు, పసిపిల్లలు, గర్భిణులు, ఉబ్బసం, మధుమేహం ఉన్నవారికి ఫ్లూ అని అనుమానం కలిగితే ఒసెల్టామివిర్ మొదటి 48 గంటల్లో పడినప్పుడే ఎక్కువ ఫలితం ఇస్తుంది గనుక, ఆ తొలి గంటలను ఇంటి వైద్యానికే ఖర్చుచేస్తే అసలు అవకాశం చేజారుతుంది.

తేలవలసిన ప్రశ్న

తొలి గంటల మందును పరీక్షించడం ఎందుకు అంత కష్టమో ఇప్పుడు స్పష్టమవుతుంది. జబ్బు ఏదో తెలియకముందే ఈ మందు లోపలికి వెళ్తుంది. తాగినవారిలో పొగ వల్ల గొంతు మండినవారు గాలి తిరగగానే కోలుకుంటారు. రైనోవైరస్ సోకినవారు వారంలో తమంతట తామే కోలుకుంటారు. ఫ్లూ వచ్చినవారిలోనూ ఎక్కువమంది కోలుకుంటారు. ముగ్గురూ ఆ కప్పుకే కృతజ్ఞతలు చెబుతారు. ఇన్ని సహజ స్వస్థతల నడుమ మందు చేసిన పనిని వేరుచేసి చూపడానికి అనుభవం ఒక్కటే చాలదు.

గురుగ్రామ్ వంటి నగరం అలాంటి పరీక్షకు చక్కగా సరిపోతుంది. వేలాదిమంది ఒకే ఆవరణలో పనిచేసే కార్యాలయాలు, వానాకాలంలో ఖాయంగా వచ్చే ఫ్లూ, రోజూ కొలిచే వాయు నాణ్యత, పీసీఆర్ పరీక్ష చేయగల ప్రయోగశాలలు అక్కడే ఉన్నాయి. మొదటి లక్షణం కనిపించిన 24 గంటల్లోనే నమోదు చేసుకుని, ముక్కు నమూనాతో వైరస్‌ను నిర్ధారించి, మందుకు దీటైన చేదు, వాసన గల ప్లసీబోతో పోల్చి, రెండు వారాలు గమనించి, ఫలితం ఏదైనా ప్రచురించే పద్ధతిలో యిన్‌ఛియావ్ సాన్‌ను, ఆయుష్ క్వాథాన్ని పక్కపక్కనే పరీక్షిస్తే, చలి జలుబుకు ఒకటి, వేడి జ్వరానికి మరొకటి అన్న వు జూతోంగ్ విచక్షణలో కూడా పస ఉందో లేదో తేలుతుంది. 1793లో ఆయన చేసినది కూడా సారాంశంలో ఇదే: రోగులు చనిపోతుంటే ప్రాచీన గ్రంథాన్ని ప్రశ్నించి, ఫలితాన్ని చూసి, కొత్త యోగాన్ని రాశాడు. ఆయన యోగాన్ని గౌరవించడమంటే దాన్ని అదే రీతిలో ప్రశ్నించి, నిలబడినదాన్ని ధైర్యంగా వాడుకుని, నిలబడనిదాన్ని సంకోచం లేకుండా వదిలిపెట్టడమే.